కంప్యూటర్ వివరాలు ఇస్తానన్నవారిని ఖాతా తెరవమంటే

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాం ఒకటి అడుగుతుంది: మీ కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉంది, మెమరీ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది, ఈ వివరాలు మాకు పంపిస్తారా, తర్వాతి వెర్షన్‌ను సరిచేసుకోవడానికి పనికొస్తాయి అని. చాలామందికి ఇందులో అభ్యంతరం ఉండదు. ఉచితంగా వాడుకుంటున్నాం, ఈమాత్రం సాయం చేస్తే పోయేదేముంది అనుకుని 'సరే' నొక్కుతారు. వెంటనే ఇంకో పేజీ వస్తుంది. పేరు, మెయిల్, పాస్‌వర్డ్, మళ్లీ అదే పాస్‌వర్డ్, ఆపైన మెయిల్‌కి వచ్చిన లింకు నొక్కి రమ్మనడం. ఎందుకొచ్చిన గొడవ అని చాలామంది ఆ పేజీ మూసేస్తారు.

ఖాతా తప్పనిసరి చేస్తే ఇచ్చేవాళ్లు తగ్గుతారా అంటే, తగ్గుతారు. అయితే ఆందోళన పడాల్సింది ఆ సంఖ్య గురించి కాదు. సర్వేకి లక్షల మంది అక్కరలేదు. నిజంగా లాటరీ తీసినట్టు ఎంచిన రెండు వేల యంత్రాల వివరాలు, వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చిన రెండు లక్షల యంత్రాల వివరాలకన్నా నమ్మదగినవి. ఖాతా పేజీ దగ్గర వెనుదిరిగేవాళ్లు అన్ని రకాల వాడుకదారుల్లోంచీ సమానంగా వెనుదిరగరు. అందుకే మిగిలిన లెక్క చిన్నదవడంతో ఆగదు, వంకర కూడా పోతుంది.

అసలు ఇలాంటి వివరాలు ఖాతా లేకుండా ఎలా సేకరిస్తారో చూడాలంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే అయిన డెబియన్ లినక్స్‌లో ఏళ్లుగా నడుస్తున్న 'పాపులారిటీ కాంటెస్ట్' మంచి ఉదాహరణ. అందరూ పాప్‌కాన్ అంటారు. సిస్టమ్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే ఒక ప్రశ్న వస్తుంది: ప్యాకేజీల (అంటే ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రాముల) వాడకం సర్వేలో పాల్గొంటారా? ముందుగా ఎంచి ఉంచిన జవాబు 'వద్దు'. కావాలనుకున్నవాళ్లు 'సరే' మీదికి మార్చాలి, అంతే. ఆ తర్వాత వారానికి ఒకసారి ఒక చిన్న ఫైలు వెళ్తుంది. దాన్ని తెరిచి చూస్తే, మొదటి వరుసలో ఆ ఫైలు తయారైన సమయం, 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి, ప్రాసెసర్ రకం ఉంటాయి. కింద ఒక్కో ప్యాకేజీకి ఒక్కో వరుస: ఆ ప్రోగ్రాం చివరిసారి ఎప్పుడు వాడారు, డిస్క్ మీదికి ఎప్పుడు వచ్చింది, ప్యాకేజీ పేరు, ఫైలు ఉన్న చోటు. మనిషి పేరు లేదు, మెయిల్ లేదు. ఆ యాదృచ్ఛిక సంఖ్య ఉండేది ఒకే యంత్రాన్ని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికి మాత్రమే. ఇలా సుమారు రెండు లక్షల యంత్రాల నుంచి వచ్చే జాబితాలను కూడి అందరికీ కనిపించేలా ప్రచురిస్తారు. ఇన్‌స్టాలేషన్ డిస్కుల్లో మొదటిదానిలో ఏ ప్యాకేజీలు పెట్టాలో నిర్ణయించడానికి ఈ లెక్కలే వాడారు.

ఈ పద్ధతిలో ఇచ్చేవాడు తన గురించి ఏమీ చెప్పడం లేదు, తన యంత్రం గురించి చెబుతున్నాడు. ఖాతా అడగడంతో సరిగ్గా ఇదే తారుమారవుతుంది. ఫలానా మోడల్ ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయడం లేదన్న సమాచారంలో రహస్యమేమీ లేదు. అదే సమాచారం ఒక మెయిల్ చిరునామాకు ముడిపడితే, ఫలానా మనిషి దగ్గర ఫలానా ల్యాప్‌టాప్ ఉంది, అందులో ఈ ప్రోగ్రాములు ఉన్నాయి, ఇన్ని నెలలుగా అప్‌డేట్ చేయలేదు అన్న చిట్టాగా మారిపోతుంది. ఫారం నింపడానికి పట్టే రెండు నిమిషాల గురించే అందరూ మాట్లాడతారు కానీ, అసలు బరువు ఈ మార్పులో ఉంది. చాలామంది దీన్ని మాటల్లో పెట్టి చెప్పలేకపోవచ్చు. పెట్టెలో మెయిల్ టైపు చేయబోతూ ఆగిన చెయ్యి మాత్రం దీన్నే పసిగడుతుంది.

మన దగ్గర ఈ వెనుకాడటం ఇంకా ఎక్కువ, దానికి కారణమూ ఉంది. ఇక్కడ ఖాతా అంటే మెయిల్‌తో సరిపోదు. ఫోన్ నంబరు, దానికి వచ్చే ఓటీపీ. నంబరు ఎక్కడో ఒకచోట ఇచ్చాక లోను కావాలా, ప్లాటు కొంటారా అని వచ్చే ఫోన్లు తెలియనివాళ్లు హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ దొరకడం కష్టం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్న చోట, ఒక సర్వే కోసం ఓటీపీ కొట్టమంటే జనం టెన్షన్ పడటంలో తప్పు లేదు.

నంబరు ఎప్పుడు న్యాయంగా అడగొచ్చో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ యాప్‌లు రెండింటిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2016లో వచ్చిన మైస్పీడ్ యాప్ ఫోన్‌లో ఇంటర్నెట్ వేగం కొలిచి, ఆ వేగం, సిగ్నల్ బలం, పరికరం వివరాలు, కొలిచిన చోటు ట్రాయ్‌కి పంపుతుంది. వాడేవారి వ్యక్తిగత సమాచారం పంపదు. వేలమంది ఇలా పంపినవి కలిస్తే ఏ సర్కిల్‌లో ఏ కంపెనీ ఎంత వేగం ఇస్తోందో బయటపడుతుంది. (టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపే.) అదే సంస్థ, అక్కరలేని ప్రచార కాల్స్ మీద ఫిర్యాదు చేయడానికి ఇచ్చే డీఎన్‌డీ యాప్ మాత్రం ఓటీపీతో నంబరును నిర్ధారించుకుంటుంది. అక్కడ అది అవసరం, ఎందుకంటే ఫిర్యాదే ఆ నంబరుకు వచ్చిన కాల్ గురించి. మైస్పీడ్‌కు అది అక్కరలేదు. టవరు కింద నిలబడి వేగం కొలిచిన మనిషి ఎవరైతేనేం, వేగం అదే కదా.

ఖాతా వల్ల ఏం జరుగుతుందన్నదానికి గట్టి ఆధారం కంప్యూటర్ వివరాల రంగంలోంచి కాక, పక్కనున్న వికీల (చదివేవాళ్లే రాసి, దిద్దే వెబ్‌సైట్ల) రంగంలోంచి వచ్చింది. బెంజమిన్ మాకో హిల్, ఆరన్ షా అనే ఇద్దరు పరిశోధకులు 136 వికీలను తీసుకున్నారు. అవన్నీ మొదట్లో ఎవరినైనా రాయనిచ్చి, తర్వాత ఒక్కసారిగా లాగిన్ తప్పనిసరి చేసినవి. మార్పుకు ముందూ తర్వాతా పోల్చి చూస్తే, కొత్త ఖాతాలు కొద్దిగా పెరిగాయి. పనికిమాలిన రాతలు బాగా తగ్గాయి. ఖాతా అడగాలనేవాళ్లు ఎప్పుడూ చెప్పే లాభం ఇదే, అది నిజమేనని తేలింది. కానీ మంచి రాతలు కూడా తగ్గాయి. ఆగిపోయిన వాటిని మొత్తంగా చూస్తే అత్యధిక భాగం పనికొచ్చేవే. ఇంకా ఆశ్చర్యం, అంతకుముందే ఖాతా ఉన్నవాళ్ల రాతలూ తగ్గాయి. కొత్తవాళ్లు వచ్చి ఏదో ఒకటి కెలికితేనే పాతవాళ్లు దిద్దడానికైనా కూర్చుంటారు. రాకపోకలు తగ్గిన చోట పాతవాళ్ల హుషారు కూడా తగ్గుతుందని అనుకోవచ్చు.

వికీలో ఒక వాక్యం దిద్దేవాడికి కనీసం తను దిద్దింది తెర మీద కనిపిస్తుంది. కంప్యూటర్ వివరాలు పంపేవాడికి అదీ ఉండదు. పంపిన ఫైలు ఎక్కడో కొన్ని లక్షల ఫైళ్లలో కలిసిపోతుంది. ప్రతిఫలం ఇంత పలచగా ఉన్నచోట చిన్న అడ్డంకి కూడా పెద్దగానే పనిచేస్తుందని ఎవరైనా ఊహించగలరు, లినక్స్ ప్రపంచంలో జరిగినవి దాన్నే బలపరుస్తాయి. 2018లో వచ్చిన ఉబుంటు 18.04 అనే లినక్స్ వెర్షన్‌లో మొదటిసారి లాగిన్ అవగానే ఒక తెర వచ్చేది: ఈ వివరాలు పంపమంటారా, కావాలంటే మొత్తం చూసుకోండి అని. ముందుగా ఎంచి ఉన్నది 'పంపు'. వద్దన్నవాళ్ల నుంచి 'వద్దన్నారు' అన్న ఒక్క ముక్క మాత్రం వెళ్లేది, అందువల్ల నిష్పత్తి తెలిసింది: 67 శాతం మంది ఒప్పుకున్నారు. 2022లో లినక్స్ యంత్రాల్లో తెర మీది కిటికీలు, మెనూలు చూపే గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్లు వేరే దారి పట్టారు. వివరాలు సేకరించే చిన్న ప్రోగ్రాంను వాడుకదారులే వెతుక్కుని ఇన్‌స్టాల్ చేసి నడపాలి. లక్షల మంది వాడే డెస్క్‌టాప్‌కి వచ్చిన జవాబులు సుమారు 2,500. ఈ రెండింటిలోనూ ఖాతా ఊసే లేదు. ఒక తెరను ఒక ప్రోగ్రాంగా మార్చినందుకే ఇంత తేడా. ఆ ప్రోగ్రాం ముందు మెయిల్, పాస్‌వర్డ్, ధ్రువీకరణ లింకు కూడా పెట్టి ఉంటే ఆ 2,500లో ఎంత మిగిలేదో ఆలోచించవచ్చు.

ఈ వాదనకు ఎదురు నిలబడే ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1999 మేలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టింది. ఖాళీగా ఉన్న కంప్యూటర్లతో రేడియో టెలిస్కోపు సంకేతాలను జల్లెడ పట్టించి, భూమికి అవతల తెలివైన జీవులున్నాయేమో వెతికే పథకం. చేరాలంటే మెయిల్ ఇచ్చి నమోదు చేసుకోవాల్సి ఉండేది. అయినా కాలక్రమంలో 50 లక్షల మందికి పైగా చేరారు. మరి ఖాతా అడ్డం రాలేదేం?

అక్కడ ఖాతా కావాల్సింది సాయం చేసేవాడికే, అందుకు. ఎవరు ఎన్ని యూనిట్లు లెక్కించారో జాబితా ఉండేది, బృందాలు, దేశాలు, విశ్వవిద్యాలయాలు పోటీలు పడేవి, సర్టిఫికెట్లు ఇచ్చేవారు. గుడికి వెళ్లినవాళ్లలో హుండీలో గుప్తంగా వేసి వచ్చేవాళ్లు ఉంటారు, సీలింగ్ ఫ్యాన్ కొనిచ్చి దాని రెక్క మీద పేరు రాయించుకునేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ భక్తులే. కానీ హుండీ తీసేసి, అందరూ పేరు రాయించుకునే ఇవ్వాలంటే మొదటి రకం వాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు. సెటీ ఎట్ హోమ్‌కి మొదట్నుంచీ రెండో రకం వాళ్లు పోటెత్తారు. మొదటి రకం వాళ్లు ఎందరు వెనక్కి వెళ్లారో ఏ జాబితాలోనూ ఉండదు.

ఆ పథకం వెనకున్నవాళ్లే తర్వాత ఈ ఇబ్బందిని పట్టించుకున్నారు. డేవిడ్ ఆండర్సన్ నాయకత్వంలో వచ్చిన బోయింక్ అనే వేదిక మీద ఖగోళం, వైద్యం, గణితం, వాతావరణం ఇలా ఎన్నో ప్రాజెక్టులు నడిచాయి, ఒక్కోదానికి ఒక్కో ఖాతా. ఏ ప్రాజెక్టు మంచిదో తెలుసుకుని ఒక్కోచోట నమోదయ్యే ఓపిక సాధారణ జనానికి లేదని తేలాక, అదే బృందం సైన్స్ యునైటెడ్ అనే మార్గం తెచ్చింది. ఒక్కసారి చేరి, ఏ శాస్త్రం ఇష్టమో చెబితే చాలు. మిగతా తతంగం అదే చూసుకుంటుంది. ప్రొటీన్లు ఎలా మడతపడతాయో జనం కంప్యూటర్లతో లెక్కించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2000లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది, అందులో అసలు ఆ తతంగమే ఉండేది కాదు. ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే 'అనామకుడు' పేరుతోనే పని మొదలయ్యేది; పేరు, బృందం, పాస్‌కీ కావాలనుకున్నవాళ్లకే. 2020 ఫిబ్రవరి చివర్లో కోవిడ్ ప్రొటీన్ల మీద పని చేస్తున్నామని ప్రకటించాక, కొద్ది వారాల్లోనే లక్షల కంప్యూటర్లు వచ్చిపడ్డాయి. పంచడానికి పని చాలక సర్వర్లు సతమతమయ్యాయి. జనాన్ని కదిలించింది మహమ్మారే. అయితే ఏదో ఒకటి చేయాలన్న తపన కలిగిన ఆ పది నిమిషాల్లో వాళ్లకు అడ్డుగా పేజీ ఏదీ లేకపోవడం చిన్న విషయం కాదు.

పేరు నమోదు చేసుకుని నంబరు తీసుకునే పద్ధతి లినక్స్ వాడుకదారుల లెక్కకూ వాడారు. 1993లో హరాల్డ్ ఆల్వెస్ట్రాండ్ మొదలుపెట్టిన లినక్స్ కౌంటర్‌లో నమోదైతే ఒక సంఖ్య వచ్చేది. మెయిల్ చివర సంతకంలో 'నమోదిత లినక్స్ వాడుకదారు సంఖ్య ఇంత' అని పెట్టుకోవడం చాలామందికి గర్వంగా ఉండేది. ఆ గర్వం అర్థం చేసుకోదగ్గదే. కానీ అలా వచ్చిన లెక్క లినక్స్ వాడేవాళ్ల లెక్క కాదు, లినక్స్ వాడుతున్నామని చెప్పుకోవాలనుకునేవాళ్ల లెక్క. ఆఫీసులో ఎవరో ఇన్‌స్టాల్ చేసి పెట్టిన యంత్రం మీద రోజంతా పనిచేసే గుమస్తా అందులో ఉండడు. కాలేజీ ల్యాబ్‌లో నలభై మంది వంతులవారీగా కూర్చునే కంప్యూటర్ ఉండదు. మీసేవా కేంద్రంలోనో నెట్ సెంటర్‌లోనో ఉన్న పాత యంత్రం అసలే ఉండదు, ఎందుకంటే దానికి ఫలానా మనిషి అంటూ ఎవరూ లేరు. నిజానికి డ్రైవర్ల బాధలు, మెమరీ చాలకపోవడం, పాత గ్రాఫిక్స్ కార్డు మొరాయించడం ఎక్కువగా ఉండేది ఇలాంటి యంత్రాల్లోనే. ఖాతా అడిగే సర్వేలో వీటి గోడు వినపడదు. కొత్త యంత్రాలు కొని, ఇంగ్లీషు ఫారాలు సునాయాసంగా నింపేవాళ్ల అవసరాలే అందరి అవసరాలుగా కనిపిస్తాయి.

ఖాతా లేని లెక్కలు కూడా జాగ్రత్తగా చదవాలి, అది వేరే సంగతి. పాప్‌కాన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఎన్ని యంత్రాల్లో ఉందో చూడవచ్చు. ఆ సంఖ్య చూసి ఇంతమంది తెలుగువాళ్లు డెబియన్ వాడుతున్నారని మురిసిపోతే పొరపాటే. భారతీయ లిపులన్నింటి ఫాంట్లనూ కలిపి తెచ్చే ప్యాకేజీ పెట్టుకున్న ప్రతివాడికీ అది తోడుగా వచ్చేస్తుంది. డేటా ఎంత శుభ్రంగా సేకరించినా, ఏ ప్రశ్నకు జవాబుగా సేకరించారో దానికే అది జవాబు చెబుతుంది.

ఇంతకీ ఖాతా అడిగేవాళ్లు ఎందుకు అడుగుతారు? వాళ్లందరికీ దురుద్దేశం అంటగట్టడం సరికాదు. ఒకే యంత్రం పదిసార్లు లెక్కకు రాకూడదు. ఎవరో కావాలని దొంగ వివరాలు కుమ్మరిస్తే పట్టుకోవాలి. అనుమానం వస్తే పంపినవారిని అడగాలి. ఇచ్చినవాడు తర్వాత తీసేయమంటే తీసేయగలగాలి. నాలుగూ నిజమైన అవసరాలే. వీటిలో మొదటి రెండింటికి ఖాతా మంచి మందు కాదు. రెండు నిమిషాల్లో పారేసే మెయిల్ చిరునామాలు దొరికే రోజుల్లో, కావాలని పాడుచేయాలనుకున్నవాడు పది ఖాతాలు తెరుస్తాడు. ఒక్క ఖాతాకు విసుగు చెంది వెళ్లిపోయేది మంచివాడే.

రెండుసార్లు లెక్కపెట్టడం గురించి ఫెడోరా అనే మరో లినక్స్ ప్రాజెక్టులో జరిగిన చర్చ చాలా నేర్పుతుంది. ఎన్ని యంత్రాలు ఫెడోరా నడుపుతున్నాయో తెలుసుకోవడానికి వాళ్లు అప్‌డేట్ల కోసం వచ్చే ఐపీ చిరునామాలను (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్లను) లెక్కపెట్టేవారు. ఒకే ఇంటి రూటరు వెనక ఐదు యంత్రాలుంటే ఒకటిగా, రోజూ చిరునామా మారే ఒక ల్యాప్‌టాప్ ఉంటే ఏడుగా లెక్క పడేది. ఒక్కో యంత్రానికి ఒక్కో శాశ్వత గుర్తింపు సంఖ్య పెడదామని ప్రతిపాదన వస్తే, అది మనుషుల్ని వెంటాడటానికి పనికొస్తుందని అభ్యంతరాలు లేచాయి. చివరికి 2020లో ఫెడోరా 32తో కుదిరిన పద్ధతి ముచ్చటగా ఉంటుంది. యంత్రం వారంలో ఒకే ఒక్కసారి, అప్‌డేట్ల జాబితా అడిగేటప్పుడు, 'నన్ను లెక్కపెట్టు' అన్న గుర్తుతో పాటు ఒకటి నుంచి నాలుగు వరకు ఒక అంకె పంపుతుంది: ఇన్‌స్టాల్ చేసి మొదటి వారమా, మొదటి నెలా, ఆరు నెలల లోపా, అంతకు మించా. గుర్తింపు సంఖ్య లేదు. వారానికి ఒకసారే అంటుంది కాబట్టి రెండుసార్లు లెక్కపడే బెడదా లేదు. ఖాతా లేకుండా కుదరదని చేతులెత్తేసే ముందు ప్రతి బృందమూ చదవాల్సిన రూపకల్పన ఇది.

హార్డ్‌వేర్ వివరాలు పూర్తిగా కావాలంటే హెచ్‌డబ్ల్యూ ప్రోబ్ అనే ప్రోగ్రాం దారి చూపిస్తుంది. ఒక్క కమాండ్ నడిపితే యంత్రంలోని పరికరాలన్నింటినీ, ఏ డ్రైవర్ పట్టింది, ఏది పట్టలేదు అన్నదాన్నీ సేకరిస్తుంది. వాడుకరి పేరు, యంత్రం పేరు, ఐపీ చిరునామా తీసేస్తుంది; సీరియల్ నంబర్లు, నెట్‌వర్క్ పరికరాలను గుర్తించే మ్యాక్ చిరునామాలు వెనక్కి విప్పలేని సంకేతాలుగా (హ్యాష్‌లుగా) మార్చి, ఆ తర్వాతే పంపుతుంది. పంపాక తెర మీద ఒక లింకు వస్తుంది. ఆ లింకే అసలు ఆకర్షణ. సౌండ్ రావడం లేదని సాయం అడగాలంటే ఆ లింకు ఇస్తే చాలు, ఎదుటివాళ్లు యంత్రాన్ని మొత్తం చూడగలరు. ఇచ్చినవాడికి అక్కడికక్కడే ఏదో ఒకటి చేతికి వచ్చింది. సెటీ ఎట్ హోమ్ సర్టిఫికెట్‌తో చేసిన పనిని ఇది ఖాతా లేకుండా, కేవలం ఒక రసీదుతో చేస్తోంది.

అలాగని ఖాతా లేకపోతే అంతా భద్రమేనని వాడుకదారులకు చెప్పడం మోసమే అవుతుంది. 2006లో అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ సుమారు ఆరున్నర లక్షల మంది నెట్‌లో వెతికిన మాటలను, పేర్లు తీసేసి సంఖ్యలు పెట్టి, పరిశోధకుల కోసం విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక సంఖ్య వెనకున్న వృద్ధురాలి ఇంటికి చేరుకున్నారు. 2010లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సుమారు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే, ఫాంట్లు, ప్లగిన్లు, తెర పరిమాణం లాంటి మామూలు వివరాలతోనే 83.6 శాతం బ్రౌజర్లు ఒకదానికొకటి పోలకుండా విడివిడిగా తేలాయి. అంటే యంత్రం వివరాల జాబితా పెద్దదయ్యే కొద్దీ అదే వేలిముద్ర అవుతుంది. అందువల్ల 'ఖాతా అడగం' అన్న హామీతో పాటు 'అవసరమైనదే అడుగుతాం' అన్నదీ ఉండాలి. ప్రాసెసర్ రకం తెలిస్తే చాలినప్పుడు సీరియల్ నంబరు తీసుకోకూడదు. పంపే ముందు ఫైలు మొత్తం చూపించాలి. చూసేవాళ్లు తక్కువే అయినా, ఆ కొద్దిమంది చూస్తారన్న భయమే సేకరించేవాళ్లను అదుపులో పెడుతుంది.

మిగిలిన రెండు అవసరాలు, తిరిగి అడగడం, తీసేయమంటే తీసేయడం. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలంటుంది. ఆ బాధ్యత వ్యక్తిని గుర్తించగల డేటాకు వర్తిస్తుంది. మెయిల్, ఫోన్ నంబరు తీసుకున్న మరుక్షణం యంత్రం లెక్క కూడా ఆ పరిధిలోకి వస్తుంది. వాటిని కాపాడటం, అడిగితే చూపడం, లీకైతే జవాబు చెప్పడం అన్నీ మెడకు చుట్టుకుంటాయి. నలుగురు వలంటీర్లతో నడిచే ప్రాజెక్టుకు ఇది మోయలేని బరువు. తీసేయించుకోవడానికి ఖాతాకు బదులు, పంపినప్పుడు ఇచ్చే రసీదుతో పాటు ఒక రహస్య సంకేతం ఇస్తే సరిపోతుంది. అది ఉన్నవాడు ఎప్పుడైనా వచ్చి తన ఫైలు తుడిచేయవచ్చు. తిరిగి అడగడానికి రసీదు కిందనే ఒక పెట్టె పెట్టి, 'మీ యంత్రం గురించి సందేహం వస్తే అడగొచ్చా? ఇష్టమైతే మెయిల్ రాయండి' అనొచ్చు. ఏళ్ల తరబడి ఒకే యంత్రాన్ని గమనించే అధ్యయనాలకు మాత్రం ఖాతా నిజంగానే కావాలి, అక్కడ చేరేవాళ్లకు అది ముందే స్పష్టంగా చెప్పాలి. ఏది అడిగినా, వివరాలు సర్వర్‌కి చేరాక అడగాలి. అప్పుడు మెయిల్ ఇవ్వనివాళ్ల యంత్రం కూడా లెక్కలో ఉంటుంది.